గేరు బాక్సు దించే ముందు

ఈ మధ్య ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలలో ఎక్కువ భాగం గేర్లు సరిగా పడకపోవడం గురించే ఉంటున్నాయి. ఊరు వేరు, బండి వేరు, కాని దాదాపు ప్రతి ఉత్తరం చివరా ఒకే ప్రశ్న కనిపిస్తోంది: గేరు బాక్సు దించాలని మెకానిక్ చెప్పాడు, దించమంటారా? నెల్లూరులో ముప్పై ఏళ్లకు పైగా ఈ పనిలోనే ఉన్నాను. దించక తప్పని బండ్లు ఉంటాయన్న మాట నిజమే గాని, ముందు చూడవలసినవి చూడకుండా దించేసిన బండ్లను నేను అంతకంటే ఎక్కువగా చూశాను. అందువల్ల ఈ నెల స్థలమంతా ఆ ఉత్తరాలకే ఇస్తున్నాను.

ప్రశ్న: నా దగ్గర ఎనిమిదేళ్ల నాటి పెట్రోలు చిన్నకారు ఉంది. మూడు వారాలుగా ఇంజను నడుస్తుండగా మొదటి గేరు వేయాలంటే బలం పెట్టవలసి వస్తోంది, రివర్సు వేస్తే గరగరమంటోంది. బండి కదిలాక మిగతా గేర్లు కొంత నయం. గేరు బాక్సు దించి లోపలి సామాను మార్చాలని, ఇరవై వేలు దాటుతుందని ఇక్కడి షెడ్డులో చెప్పారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇప్పుడే దించనివ్వకండి. ఇంటి దగ్గర మీరే చేసుకోగల పరీక్ష ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. చదునైన చోట బండిని నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, క్లచ్‌ను పూర్తిగా తొక్కి, ఒకటి నుంచి అయిదు దాకా, ఆ తరువాత రివర్సు, ఒక్కొక్క గేరునూ వేసి తీసి చూడండి. ఏదైనా ఒక గేరు పడకపోతే లోపలి పళ్లు ఎదురెదురుగా నిలిచి ఉండవచ్చు కాబట్టి, హ్యాండ్ బ్రేకు దించి బండిని న్యూట్రల్‌లో రెండంగుళాలు నెట్టి మళ్లీ ప్రయత్నించండి. ఇంజను ఆగి ఉన్నప్పుడు అన్ని గేర్లూ సాఫీగా పడుతూ, ఇంజను నడుస్తున్నప్పుడు మాత్రమే మొరాయిస్తుంటే, దోషం దాదాపుగా ఎప్పుడూ క్లచ్ వైపే ఉంటుంది. మీరు పెడల్ తొక్కినా క్లచ్ ప్లేటు ఫ్లైవీలును, అంటే ఇంజను చివర తిరిగే బరువైన చక్రాన్ని, పూర్తిగా వదలడం లేదన్న మాట, ఇంజను తిప్పే తిప్పుడు కొంత గేరు బాక్సులోకి వెళుతూనే ఉంటుంది, ఆ తిరిగే షాఫ్టుతో పెనుగులాడుతూ గేరు పడవలసి వస్తోంది. ఇంజను ఆగి ఉన్నా గేర్లు బిగుతుగానే ఉంటే అప్పుడు గేరు లివరు నుంచి బాక్సుకు వెళ్లే కేబుళ్లనూ బుష్‌లనూ ముందుగా, బాక్సు లోపలి భాగాలను చివరగా అనుమానించాలి.

రివర్సు గరగర సంగతి విడిగా చెప్పాలి. చాలా చిన్నకార్లలో ముందుకు నడిపే గేర్లకు ఉన్నట్టు రివర్సుకు సింక్రోనైజర్, అంటే పళ్లు కలిసే ముందు వేగాలను సమానం చేసే భాగం, ఉండదు, అందువల్ల క్లచ్‌లో ఏ కొంచెం లోపమున్నా మొదట అక్కడే వినిపిస్తుంది. బండి పూర్తిగా ఆగాక, ఇంజను నడుస్తుండగా, క్లచ్ తొక్కి పట్టుకుని మనసులో ఐదు దాకా లెక్కపెట్టి అప్పుడు రివర్సు వేయండి. గరగర పోతే అది బండి లోపం కాదు, మనం చూపించే తొందర. ఐదు లెక్కపెట్టినా గరగరమంటూనే ఉంటే క్లచ్ వదలడం లేదని నమ్మవచ్చు.

క్లచ్ అని తేలినా వెంటనే ప్లేటు మార్చమనడానికి వీలు లేదు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో మా షెడ్డుకు ఇదే ఫిర్యాదుతో ఒక కారు వచ్చింది. పెద్దమేస్త్రి లేని రోజున మేమిద్దరం కుర్రవాళ్లం బాక్సు దించి, ప్లేటు చూసి, అది బాగానే ఉందని మళ్లీ ఎక్కించాము. గేరు అలాగే గట్టిగా పడుతోంది. సాయంత్రం ఆయన వచ్చి డ్రైవరు సీట్లో కూర్చోలేదు, తలుపు తీసి మోకాళ్ల మీద వంగి పెడల్ కింద చెయ్యి పెట్టి చూశారు. ఓనరు కొత్తగా వేయించిన మందపాటి మ్యాటు, దాని కింద పాత మ్యాటు, రెండూ కలిసి పెడల్‌ను అంగుళానికి పైగా పైనే ఆపేస్తున్నాయి. మ్యాటు లాగేశారు, గేరు పడింది. ఆ ఓనరు దగ్గర తీసుకున్న కూలి డబ్బు మా చేతనే తిరిగి ఇప్పించారు. అప్పటి నుంచి నా చెయ్యి మొదట వెళ్లేది పెడల్ కిందికే. మీరూ ముందు అదే చూడండి.

తరువాత పెడల్‌ను వెంటవెంటనే నాలుగైదు సార్లు తొక్కి గేరు వేయండి. అలా తొక్కితే గేరు సులువుగా పడుతుంటే, మీ బండి క్లచ్ ఆయిల్‌తో పనిచేసే రకమై, ఆ లైనులో గాలి చేరడమో, పై సిలిండరులోనో కింది సిలిండరులోనో సీలు అరగడమో జరిగి ఉండాలి. బానెట్ కింద డబ్బాలో ఆయిల్ మట్టం చూడండి. చాలా బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ ఒకే డబ్బా ఉంటుంది. పెడల్ రాడు గోడలోకి దూరే చోట, బాక్సు పక్కన ఉండే కింది సిలిండరు రబ్బరు తొడుగు దగ్గర, వేలితో తడిమి తడి ఉందేమో చూడండి. మూత మీద బ్రేకు ఆయిల్ రకం డాట్ 3 అని ఉంటే డాట్ 3, డాట్ 4 అని ఉంటే డాట్ 4 మాత్రమే పోయాలి. అందులో ఇంజను ఆయిల్ ఒక్క గరిటెడు పడినా రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి బ్రేకులకే ముప్పు వస్తుంది. కొన్ని బండ్లలో కింది సిలిండరు బయట కాకుండా క్లచ్ లోపలే, రిలీజ్ బేరింగుతో (పెడల్ తొక్కినప్పుడు క్లచ్ ను నెట్టి విడదీసే బేరింగు) కలిసి ఉంటుంది, అది కారుతుంటే మాత్రం బాక్సు దించక తప్పదు.

మీది కేబుల్‌తో నడిచే క్లచ్ అయితే పని ఇంకా తేలిక. పెడల్‌ను వేలితో నొక్కి, బరువు తగిలే దాకా ఎంత దూరం ఊరికే కదులుతుందో కొలవండి. చాలా చిన్నకార్లలో అది 10 నుంచి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, మీ బండి కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ వదులు మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా వదలదు, గేరు కష్టంగా పడుతుంది. మరీ తక్కువైతే క్లచ్ జారుతుంది, ఇంజను హోరు పెరుగుతుంది గాని బండి వేగం పెరగదు. బాక్సు దగ్గర ఉన్న నట్టును సరిచేయడం పావుగంట పని. కేబుల్ లోపలి తీగలు ఒకటొకటిగా తెగుతున్నా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి రెండు కొనల దగ్గరా లైటు వేసి చూడమనండి.

ఇవన్నీ సరిగా ఉండి కూడా క్లచ్ వదలకపోతే అప్పుడు ప్లేటు, దాన్ని ఫ్లైవీలుకు అదిమి పట్టే ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు చూడటానికి బాక్సు దించాలి. కాని దించడం వేరు, విప్పడం వేరు. క్లచ్ పనికి బాక్సును పక్కకు తీసి పెడితే చాలు, దాని కడుపు తెరవనక్కర లేదు. మీ మెకానిక్ చెప్పిన ఇరవై వేలు ఏ పనికో ముందు అడగండి.

ప్రశ్న: నా కారు లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు నుంచి మూడుకు, మూడు నుంచి నాలుగుకు హాయిగా వెళుతుంది. మూడు నుంచి రెండుకు దిగేటప్పుడు మాత్రం చేతికి కరకరమని తగులుతోంది. పొద్దున పూట మరీ ఎక్కువ. ఈ మధ్యే గేర్ ఆయిల్ మార్పించాను, మార్చిన తరువాత పెరిగిందనిపిస్తోంది.
— ఒక వ్యాపారి, కందుకూరు

జవాబు: మీరు రాసిన తీరులోనే సగం జవాబు ఉంది. ఒక్క గేరులో మాత్రమే, అదీ పై గేరు నుంచి కిందికి దిగేటప్పుడు మాత్రమే కరకరమంటే, ఆ గేరు సింక్రోనైజర్ రింగు అరిగిందని అనుమానించాలి. అది ఇత్తడి రంగులో ఉండే ఒక ఉంగరం. దాని లోపలి అంచున సన్నని గీతలు ఉంటాయి, కొత్తదాని మీద గోరు లాగితే గోరు గీతగీతకూ ఆగుతుంది, అరిగినదాని మీద జారిపోతుంది. గేరు మారేటప్పుడు ఆ గీతలు నూనె పొరను కోసి, గేరు కోనును, అంటే గేరు పక్కనున్న వాలు అంచును, పట్టుకుని, రెండు భాగాల వేగాలను సమానం చేస్తాయి, వేగాలు కలిశాకే పళ్లు ఒకదానిలో ఒకటి దిగుతాయి. గీతలు నున్నబడితే పట్టు పోతుంది, వేగాలు కలవకముందే పళ్లు తగులుకుంటాయి. మీ చేతికి తెలుస్తున్న కరకర అదే. రెండో గేరుకే ఇది ముందు రావడానికి కారణం ఉంది. రెండుకూ మూడుకూ మధ్య వేగాల తేడా పై గేర్ల మధ్య కంటే ఎక్కువ, పైగా బజారులో, మలుపుల్లో, గతుకుల దగ్గర మనం మాటిమాటికీ దిగేది దానిలోకే.

1928లో కాడిలాక్ కార్లలో సింక్రోనైజర్ రాకముందు డ్రైవర్లందరూ డబుల్ క్లచ్ వేసేవారు, మన వైపు పాత లారీ డ్రైవర్లకు ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. మీ రోగ నిర్ధారణకు అదే పనికి వస్తుంది. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో మెల్లగా వెళుతూ, క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటరు కొంచెం తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి రెండో గేరు వేయండి. అలా వేసినప్పుడు కరకర లేకుండా పడితే క్లచ్ బాగానే ఉంది, అరిగింది రింగే.

అయితే రింగు మార్చక ముందు ఆయిల్ సంగతి తేల్చుకోండి, ఎందుకంటే ఆయిల్ మార్చాక బాధ పెరిగిందని మీరే రాశారు. ఏ బండికైనా 90 నంబరు చిక్కటి ఆయిల్ పోయడం మన దగ్గర చాలా షెడ్లలో అలవాటైపోయింది. నేటి చిన్నకార్ల తయారీదారులలో ఎక్కువమంది 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 వంటి పలుచని రకాలు చెబుతున్నారు. చిక్కటి ఆయిల్ తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు రింగు కింద నుంచి త్వరగా తప్పుకోదు, అందుకే పొద్దున పూట మీకు ఎక్కువగా ఉంటోంది. దానికి తోడు డబ్బా మీద ఆయిల్ తరగతి జీఎల్-4 అని ఉందా, జీఎల్-5 అని ఉందా చూడండి. జీఎల్-5 లో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ పాళ్లలో ఉంటాయి. లారీల వెనక యాక్సిల్‌కు అవి మేలు చేస్తాయి గాని, ఇత్తడి రింగులను కొన్ని రకాలు కాలక్రమంలో తినేస్తాయి, రింగుకు కావలసిన పట్టును కూడా తగ్గిస్తాయి. ఖరీదు ఎక్కువైనది మంచిదని అంగట్లో చెబితే ఒప్పుకోకండి, పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే మీ బండికి మంచిది.

పాత ఆయిల్ దింపేటప్పుడు మీరు దగ్గరుండండి. బండి కొంత దూరం నడిచి వెచ్చగా ఉన్నప్పుడు దింపాలి. దింపుడు బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తటి ముద్ద కొంచెం ఉండటం మామూలే, దానికి భయపడకండి. ఇనుప పెచ్చులు ఉంటే మాత్రం బాక్సు విప్పవలసిందే. ఆయిల్‌ను రెండు వేళ్ల మధ్య రుద్ది ఎండలో పట్టి చూస్తే బంగారు రజను వంటి మెరుపు కనిపిస్తే అది రింగు నుంచి రాలిన ఇత్తడి. కొత్త ఆయిల్ చాలా చిన్నకార్లకు రెండు లీటర్ల చుట్టుపక్కల పడుతుంది, సమతలం మీద పోసే రంధ్రం అంచు దాకా రావాలి. ఆ తరువాత వెయ్యి కిలోమీటర్లు నడిపి చూడండి. కరకర తగ్గితే మరికొంత కాలం నిశ్చింతగా నడుపుకోవచ్చు.

తగ్గకపోతే బాక్సు విప్పించండి. విప్పినప్పుడు మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి. ఒకటి, రింగును గేరు కోను మీద నొక్కి, రింగు పళ్లకూ గేరు పళ్లకూ మధ్య సందును ఫీలర్ గేజితో (సందులు కొలిచే సన్నని రేకులు) కొలిచి చూపించమనండి. చాలా చిన్నకార్లలో కొత్తగా ఉన్నప్పుడు అది సుమారు 1 మిల్లీమీటరు ఉంటుంది, అర మిల్లీమీటరుకు తగ్గితే మార్చవలసిందే. రెండు, గేరు పక్కనున్న చిన్న పళ్ల మొనలనూ గేరు వేసినప్పుడు ఆ పళ్ల మీదికి జరిగే స్లీవు లోపలి పళ్లనూ చూపించమనండి. అవి గుండ్రంగా అరిగిపోయి ఉంటే ఒక్క రింగు మార్చి మూసేసినందువల్ల ఫలితం ఉండదు, ఆరు నెలలకే తిరిగి వస్తారు. బాక్సు కింద ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఇంజను వెనక ఆయిల్ సీలు కూడా పరీక్షించండి, కూలి ఒక్కటే కాబట్టి.

ప్రశ్న: మాది మైపాడు సముద్రతీరానికి దగ్గర ఊరు. నేను ఉపాధ్యాయురాలిని. పరీక్షల పనుల మీద వేరే ఊళ్లో ఉండి రెండు నెలలు కారు తీయలేదు. ఇప్పుడు ఇంజను స్టార్టవుతుంది గాని ఒక్క గేరు కూడా పడటం లేదు. ఇంజను ఆపి వేస్తే అన్నీ పడుతున్నాయి.

జవాబు: అమ్మా, మీ గేరు బాక్సుకు ఏమీ కాలేదు. ఉప్పుగాలిలో కదలకుండా నిలిచిన బండికి ఫ్లైవీలు ఇనుము మీద తుప్పు పట్టి, దానికి క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది. పెడల్ తొక్కితే ప్రెజర్ ప్లేటు వెనక్కి వెళుతుంది గాని క్లచ్ ప్లేటు మాత్రం ఫ్లైవీలును పట్టుకునే ఉంటుంది. మన తీరం పొడవునా వానాకాలం తరువాత నేను ఇలాంటి బండ్లు తరచుగా చూస్తాను.

ముందు ఇంజనును పదిహేను ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కనివ్వండి, ఆ తరువాత పెడల్‌ను పలుమార్లు తొక్కి వదిలి చూడండి. చాలాసార్లు దానితోనే విడిపోతుంది. విడిపోకపోతే, ముందు ఎవరూ లేని విశాలమైన చోట గేరులో ఉంచి స్టార్టు చేసి, క్లచ్ తొక్కి పట్టుకుని యాక్సిలరేటరును తట్టి వదులుతూ విడదీసే పద్ధతి ఉంది. స్టార్టు కాగానే బండి ముందుకు దూకుతుంది కాబట్టి దాన్ని మీరు చేయవద్దు, అనుభవమున్న మెకానిక్ చేత చేయించండి. ఇకమీదట ఎక్కువ రోజులు ఊరు విడిచి వెళ్లవలసి వస్తే వారానికొకసారి ఎవరిచేతనైనా నాలుగైదు కిలోమీటర్లు నడిపించండి. ట్రాక్టర్లను పని లేని నెలల్లో నిలిపి ఉంచేటప్పుడు క్లచ్ పెడల్‌ను కర్రతో అదిమి ఉంచే పద్ధతి రైతులకు తెలిసినదే, అది ఈ అతుకుడు కోసమే.

ప్రశ్న: దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు దిగుతుండగా యాక్సిలరేటరు వదిలినప్పుడు మూడో గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లోకి వచ్చేస్తోంది. చేత్తో లివరును పట్టుకుని నడుపుతున్నాను.
— ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: ముందు ఒక విన్నపం. ఇది సరిచేయించే దాకా ఆ బండితో ఘాటు ఎక్కవద్దు. దిగుడులో బండిని పట్టి ఉంచేది గేరే. అది జారిన క్షణం నుంచి బరువంతా బ్రేకుల మీద పడుతుంది, నల్లమల మలుపుల్లో అవి వేడెక్కి పట్టు కోల్పోవడానికి ఎక్కువసేపు పట్టదు. లివరును చేత్తో పట్టి ఉంచడం వల్ల స్లీవును జరిపే లోపలి ఫోర్కు దాన్ని ఒరుసుకుంటూ మరింత అరుగుతుంది, స్టీరింగుకు ఒక చెయ్యే మిగులుతుంది.

కారణం వెతకడం బయటి నుంచి మొదలుపెట్టాలి. మూడో గేరులో మామూలు రోడ్డు మీద వెళుతూ యాక్సిలరేటరు ఒకసారి తొక్కి ఒకసారి వదులుతూ లివరును గమనించమని పక్కన కూర్చున్నవారికి చెప్పండి. లివరు ముందుకూ వెనక్కూ బాగా ఊగుతుంటే ఇంజను మౌంట్ల రబ్బరు తెగి ఉండవచ్చు. ఇంజనూ బాక్సూ కలిసి ఊగినప్పుడు కేబుల్ లాగబడి గేరు బయటికి వస్తుంది. మౌంటు మార్చడం బాక్సు విప్పే ఖర్చులో ఏ మూలకూ రాదు. లివరు చుట్టూ ఉన్న తోలు తొడుగో, తరువాత బిగించిన చేతిపెట్టెనో లివరును పూర్తిగా వెళ్లనివ్వకుండా ఆపుతోందేమో, కేబుల్ కొలత తప్పిందేమో కూడా చూడాలి, ఎందుకంటే గేరు సగమే పడితే సగంలోనే జారుతుంది.

ఇవేవీ కాకపోతే మూడు అనుమానాలు మిగులుతాయి: గేరును స్థానంలో ఆపే గోళీ కింది స్ప్రింగు మెత్తబడటం, ఫోర్కు అరగడం, స్లీవు పళ్లు అరగడం. స్లీవు పళ్లనూ గేరు పళ్లనూ లోపలికి కొంచెం వాలుగా కోస్తారు, బరువు పడినకొద్దీ ఒకదానినొకటి లోపలికి లాగి పట్టుకోవడానికి. ఆ వాలు అరిగిపోతే అదే బరువు వాటిని బయటికి నెడుతుంది. స్ప్రింగును కొన్ని బండ్లలో పైనున్న బోల్టు విప్పి మార్చవచ్చు. మిగతా రెంటికీ మీ బండి బాక్సు దించి విప్పవలసిందే.

ప్రశ్న: గేరు లివరు అన్ని వైపులకూ ఊగుతోంది, ఏ గేరు ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తోంది. నేను రోజూ క్వారీ దారిలో తిరుగుతాను.
— ఒక సూపర్‌వైజరు, చీమకుర్తి

జవాబు: లివరు అడుగున, కేబుల్ కొనల్లో ఉండే ప్లాస్టిక్ బుష్‌లు అరిగాయి. గ్రానైటు పొడి గ్రీజుతో కలిస్తే ఆకురాయిలా పనిచేస్తుంది. పాత గ్రీజు మీదే కొత్తది పూయనివ్వకండి, మొత్తం కడిగి, బుష్ మార్చి, అప్పుడు పూయించండి. ఇది అరపూట పని.

ప్రశ్న: 2021 నవంబరులో పెన్నా వరదకు మా పాత కారు నీట మునిగి చాలా ఖర్చయింది. ఈసారి మళ్లీ అలా జరిగితే గేరు బాక్సులో నీళ్లు చేరాయో లేదో ఎలా తెలుస్తుంది?
— ఒక రైతు, కోవూరు

జవాబు: గేరు బాక్సుకు గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది, నీరు ఆ ఎత్తు దాటితే లోపలికి పోతుంది. ఇంజను స్టార్టు చేయకుండా బండిని తోయించి షెడ్డుకు చేర్చి, దింపుడు బోల్టు విప్పించండి. పాలు కలిపిన కాఫీ రంగులో ఆయిల్ వస్తే నీరు చేరినట్టే. మొత్తం దింపి కొత్తది పోయాలి, ఇంజనును కూడా పరీక్షించాక యాభై కిలోమీటర్లు నడిపి రెండోసారి మార్చాలి. ఆ రెండో మార్పు వృథా ఖర్చని ఎవరైనా అన్నా మానవద్దు, మూలల్లో మిగిలిన నీరే బేరింగులను తినేది.

ప్రశ్న: మా అమ్మాయి కారు నేర్చుకుంటోంది. క్లచ్, గేర్లు పాడవకుండా ఏం చెప్పాలి?
— ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: గేరు వేసిన తరువాత ఎడమ కాలిని క్లచ్ మీద నుంచి పూర్తిగా తీసి పక్కన నేల మీద పెట్టమనండి, చెయ్యిని లివరు మీద నుంచి తీసి స్టీరింగు మీదికి తెమ్మనండి. వంతెన ఎక్కుడులో వాహనాలు ఆగినప్పుడు సగం క్లచ్‌తో బండిని నిలబెట్టకుండా హ్యాండ్ బ్రేకు వేయించండి. రివర్సు ముందు ఐదు లెక్కపెట్టడం మొదటి రోజు నుంచే అలవాటు చేయండి. మీరు పక్కన కూర్చున్నప్పుడు ఆమె కాలి వైపు చూస్తూ ఉండండి. నేర్చుకునేవారు భయం వేసినప్పుడల్లా తెలియకుండానే క్లచ్ మీద కాలు పెడతారు, అప్పుడు మెల్లగా గుర్తు చేస్తే చాలు.